కొంబొలే దాటాక

మార్చి 4, మంగళవారం

ఈ రోజూ పచ్చగీతే. లైసురా నుంచి కొంబొలే సంత దాకా, అక్కడి నుంచి చెక్‌పోస్టు దాకా, మళ్ళీ వెనక్కి. డాష్‌బోర్డు మీద నాలుగు ఫోన్లు, నా ఒళ్ళో లాప్‌టాప్, స్క్రీన్ మీద రోడ్డు పొడుగునా ఆకుపచ్చ గీత. సిగ్నలు తెగితే పడే ఎర్రచుక్క ఎక్కడా లేదు.

మా డ్రైవరు హల్కనో బండిని ఎనభై కిలోమీటర్లు దాటించడు. దాటిస్తే సీటు కింద వేగం కొలిచే డబ్బా కూస్తుంది, ఆ కబురు నైరోబీలో సేఫ్టీ వాళ్ళకి వెళ్తుంది. ఆయన పేరు మీద ఇప్పటికే రెండు కబుర్లు వెళ్ళాయి. మూడోది వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. అందుకని మేకల లారీలు కూడా మమ్మల్ని దాటిపోతాయి. లారీ మీద కూర్చున్నవాళ్ళు చేతులూపి మరీ వెక్కిరిస్తారు.

"నవ్వుకోనీ తల్లీ, వాళ్ళ లారీకి బ్రేకుల్లేవు, నాకు పింఛనుంది," అన్నాడు.

ఆయనకి రంజాను ఉపవాసాలు. నేను బండి దిగి టైరు చాటున కూర్చుని మందాజీ బూరెలు, టీ కానిచ్చాను. "దాక్కోకు, వాసన నాకు ముందే వచ్చింది," అని లోపల్నుంచి అరిచాడు.

సాయంత్రం నైరోబీ నుంచి మా పైఅధికారి ఒగుతు ఫోన్. అంబులెన్సు వాళ్ళు మళ్ళీ గొడవ చేస్తున్నారట. అంబులెన్సులో కౌంటీ సర్కారు వాళ్ళు బిగించిన వీడియో పెట్టె ఉంది కదా, పేషంటునీ గుండె చప్పుడునీ లైసురా ఆసుపత్రిలో డాక్టరుకి చూపించేది, అది కొంబొలే అవతలి రోడ్డు మీద ఆగిపోతోందట. నా గీత పంపించాను. పెట్టెలోనే లోపం ఉండుంటుందని కింద రాశాను. తమకి పాడటం రాక రేడియోని తిట్టినట్టుంది వీళ్ళ వ్యవహారం.

మార్చి 6, గురువారం

దుమ్ము దుమారం. బండి తియ్యలేదు. బట్టలు ఉతికి ఆరేశాను, మళ్ళీ ఉతకాలి.

మార్చి 9, ఆదివారం

చర్చి దగ్గర టీ కొట్లో అనుకుంటున్నారు. నిన్న అంబులెన్సులో ఒకావిడకి బిడ్డ దక్కలేదట. సిలాంతోయి అని, కొంబొలే అవతల పశువుల కాపరుల గూడెం, మన్యట్టా నుంచి తెస్తున్నారట. తొలిచూలు. తల్లి బాగానే ఉందన్నారు.

పాపం.

ఎక్కడ జరిగిందని నేను అడగలేదు. నేనెందుకు అడుగుతాను.

మార్చి 11, మంగళవారం

ఒగుతు కాగితం అడిగాడు. ఎనిమిదో తారీఖున ఆ రోడ్డు మీద నెట్‌వర్క్ ఎలా ఉందో కౌంటీకి కావాలట. నెల పొడుగునా చేసిన పరీక్షలన్నీ పెట్టి, ఎక్కడా లైను తెగలేదని రాసి, సంతకం చేసి పంపాను. కౌంటీ వాళ్ళు ధన్యవాదాలు చెప్పారట.

రిపోర్టులో అబద్ధం ఏమీ లేదు.

మార్చి 13, గురువారం

ఇవాళ ఆఫీసు గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నర్సు యూనిఫాం లేదు కానీ నర్సని నిలబడ్డ తీరులోనే తెలిసింది. కాపలా ఎకాయ్ ఆవిడకి తన స్టూలు ఇచ్చాడు. కూర్చోలేదు.

"కెండి అంటే నువ్వేనా? ఇంత చిన్నదానివా? ఆ కాగితం చూసి ఎవరో పండుముసలాయన రాశాడనుకున్నాను," అంది.

సిస్టర్ నసీయెకు. ఆ రోజు అంబులెన్సులో ఉన్నది ఈవిడే. ఆవిడని పనిలోంచి నిలిపేశారు. లైను మధ్యలో కట్ చేసింది నర్సేనని డాక్టర్ ముతెంబెయి చెప్పాడట. అవతలి మనిషి ఉన్నట్టుండి మాయమైతే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఈవిడేమో డాక్టరే కట్ చేశాడనుకుంది.

"నేను కట్ చెయ్యలేదమ్మా. నా రెండు చేతులూ ఆ పిల్ల మీదున్నాయి. దేంతో కట్ చేస్తాను, ముక్కుతోనా?"

"సిస్టర్, నేను రోజూ ఆ రోడ్డు మీదే తిరుగుతాను. ఎక్కడా తెగదు."

"మీ నెట్‌వర్క్ బాగుందని నువ్వు రాశావు. అది బాగుంటే నేను అబద్ధాలకోరుని. అంతేగా? అదే చదివి వినిపించి నన్ను ఇంటికి పంపారు. ఇరవై ఏళ్ళ నుంచి కాన్పులు చేస్తున్నాను. సంతలో నన్ను చూసి ఆడవాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు ఇవాళ."

"నేను ఉన్నదే రాశాను."

"సరే, మాతో ఒకసారి రా. మా బండెక్కి చూడు."

వేరే బండి ఎక్కితే కంపెనీ ఒప్పుకోదని, ఇన్సూరెన్సు ఉండదని చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"అయితే మీ బండినే మాలా తోలు."

వెళ్ళిపోయింది. కోపంలో ఉన్న మనిషి ఏదో ఒకటి అనాలి కదా, అనేసి వెళ్ళింది. నా మీద అరిస్తే నేనేం చేస్తాను. ఎకాయ్ ఆ స్టూలు తీసుకెళ్ళి మళ్ళీ తన చోట వేసుకుంటూ నావైపు చూడలేదు. వాడికి కూడా నేనే దొరికాను.

మార్చి 14, శుక్రవారం

రిపోర్టులో అబద్ధం ఏమీ లేదు.

మార్చి 15, శనివారం

ఇది నాకోసం రాసుకుంటున్నాను, లెక్క సరిచూసుకోవడానికి.

ఫోను కదులుతుంటే ఒక టవరు దాన్ని ఇంకో టవరు చేతిలో పెట్టాలి. పెట్టేముందు కాసేపు ఆగి చూస్తుంది. ఇది నిజంగా వెళ్ళిపోతోందా, ఊరికే అటూ ఇటూ తచ్చాడుతోందా అని. ఆ ఆగడం ఎంతసేపన్నది మేం పెడతాం. నిరుడు కొంబొలే సంత రోజున మేకలమ్మేవాళ్ళు రెండు టవర్ల మధ్య తిరుగుతుంటే వాళ్ళ ఫోన్లు బంతుల్లా అటూ ఇటూ పడేవి, మాటలు తెగేవి. ఆగే సమయం పెంచింది నేనే. గొడవ సద్దుమణిగింది. మీటింగులో ఒగుతు అందరి ముందూ నా పేరెత్తి మెచ్చుకున్నాడు. ఆ రోజు నేను మేకమాంసం తిని, సోడా తాగి, అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను.

ఎనభైలో వెళ్ళే బండికి ఆ సమయం సరిపోతుంది. పాత టవరు ఇంకా వినిపిస్తుండగానే కొత్తది అందుకుంటుంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

అంబులెన్సు ఎంతలో వెళ్తుందో నాకు తెలియదు.

తెలుసు. ఈ రోడ్డు మీద ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అది మమ్మల్ని దాటినప్పుడల్లా మా బండి ఊగుతుంది.

మార్చి 17, సోమవారం

హల్కనోని అడిగాను. కొంబొలే దాటాక ఒక్కసారి, కొంచెం దూరం, నూట ముప్పైలో.

"నీకేమైనా ఎండదెబ్బ తగిలిందా?"

"ఒక్కసారే హల్కనో. అవసరం."

"నీకు అవసరం. నాకు నలుగురు ఆడపిల్లల ఫీజులు. మూడో కూత పడితే నువ్వొచ్చి కడతావా? పండక్కి రెండు వారాలు లేదు. పండగ పూట ఇంటికెళ్ళి మా ఆవిడతో ఏం చెప్పమంటావు, కెండి ముచ్చటపడిందని చెప్పనా?"

"సిస్టర్ నసీయెకు..."

"నాకు తెలుసు. మా మూడోది పుట్టినప్పుడు కాన్పు చేసింది ఆవిడే." గేరు మార్చాడు. "నన్ను అడక్కు తల్లీ. అడిగితే కాదనాలి, కాదంటే అన్నం సయించదు. అసలే పొద్దంతా తిండి లేదు."

రోజంతా ఎనభైలోనే తిరిగాం. పచ్చగీత. దాన్ని చూడలేక లాప్‌టాప్ మూత సగం వేశాను.

మార్చి 20, గురువారం

చేసేశాను.

మధ్యాహ్నం హల్కనో కొంబొలే మసీదులో నమాజుకి దిగాడు. బండి నీడన పెట్టి తాళం దానికే వదిలేస్తాడు ఎప్పుడూ, నాకు ఏసీ ఉండాలని. ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే చూసి నేను స్టీరింగు వైపు జరిగాను. కంపెనీ బండిని డ్రైవరు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. అదొక తప్పు. రెండో తప్పు ఆ తర్వాత కాసేపటికే చేశాను.

ముందుగా ఆఫీసుకి ఫోన్ కలిపి ఎకాయ్‌కి ఇప్పించాను. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, ఆపకు," అన్నాను.

"ఏం మాట్లాడను?"

"నీ ఇష్టం."

వాడికి అంతకంటే ఏం కావాలి. బావమరిది తన ఒంటెని ఎలా కాజేశాడో మొదలుపెట్టాడు. సంత చివర ఇళ్ళు దాటాక కాలు కింద దాకా నొక్కాను. ఎనభై దాటగానే డబ్బా కూత మొదలైంది. నూటపది. ఎదురుగా ఎవరూ లేరు, రోడ్డు తిన్నగా ఉంది, అయినా భయమేసింది, నేను ఎప్పుడూ ఇంత వేగంగా నడపలేదు. నూట ముప్పై ఐదు. ఎకాయ్ బావమరిది చెక్‌పోస్టు దగ్గర పోలీసుకి ఏదో చెప్పబోతున్నాడు.

అక్కడ తెగిపోయింది.

నాలుగు ఫోన్లూ ఒకేసారి మూగపోయాయి. పాత టవరు ఇంకా ఆగి చూస్తూనే ఉంది, బండి దాని చేతికి అందనంత దూరం వచ్చేసింది. కొత్త టవరుకి మేం వస్తున్నట్టే తెలియదు. మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుని కలవడానికి పట్టినంతసేపు నేను నడుపుతూనే ఉన్నాను, ఆపాలని కూడా తోచలేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ చేశాను. మళ్ళీ అక్కడే. ఇంకోసారి. అక్కడే.

సంతకి తిరిగొచ్చేసరికి హల్కనో రోడ్డు మధ్యలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. నేను దిగగానే తలుపు పట్టుకున్నాడు. "నేను నడపలేదని చెప్తావుగా?"

"చెప్తాను."

"చెప్పకపోతే మీ అమ్మ దగ్గరికొచ్చి కూర్చుంటాను. లేవను."

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆయన తిట్టడం మొదలుపెట్టాడు, బొరానా భాషలో, ఊరు చేరేదాకా. ఎనభైలోనే.

ఎకాయ్ గేటు దగ్గర గుర్రుగా ఉన్నాడు. "అంతసేపు మాట్లాడించావు. అసలు కథ చెప్పాను. ఎక్కడిదాకా విన్నావు?"

"చెక్‌పోస్టు దాకా."

"అయ్యో, అసలు సంగతంతా ఆ తర్వాతే," అన్నాడు.

మార్చి 21, శుక్రవారం

పొద్దున్నే ఒగుతు ఫోన్. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"సేఫ్టీ వాళ్ళు నిన్ను పిలుస్తారు. ఊళ్ళో మీ అమ్మకి ఒంట్లో బాలేదని కబురొచ్చింది, కంగారులో బండి తీశాను అని చెప్పు. హెచ్చరికతో సరిపెట్టేలా నేను చూస్తాను. హల్కనోకి కూడా ఏమీ కాదు."

"సార్, లైను తెగుతోంది. మూడుసార్లు చూశాను."

"చూశావు, నాకు పంపావు, నేనూ చూశాను. నువ్వు మంచి పని చేశావు కెండీ. వచ్చే వారంలోగా సరిచేయిస్తాను. ఉరికేవాళ్ళని కొండ మీది పెద్ద టవరు పట్టుకునేలా, నడిచేవాళ్ళు సంత టవరు దగ్గరే ఉండేలా. నువ్వు చెప్పిన పద్ధతే. కానీ నువ్వు పరీక్ష చేశావని ఎక్కడా ఉండకూడదు."

"సిస్టర్ నసీయెకు విచారణ ఇరవై ఏడున."

"అది కౌంటీ వ్యవహారం. మన కాగితం మనమే తప్పంటే రేపు ఆ తల్లిదండ్రులు కోర్టుకెళ్తారు. నీ సంతకం ఉంది దాని మీద. నా మాట విను, నేను నీ మంచికే చెప్తున్నాను."

మార్చి 23, ఆదివారం

ఒగుతు మంచివాడే. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. రోడ్డు మీద లైను ఎలాగూ బాగవుతుంది, ఇకముందు ఎవరికీ ఇలా జరగదు, అసలు కావలసింది అదే కదా. నసీయెకుకి అంత అనుభవం ఉంది, ఏ మిషను ఆసుపత్రి వాళ్ళయినా పిలిచి ఉద్యోగమిస్తారు. నేను ఉద్యోగం పోగొట్టుకుంటే ఆ బిడ్డ తిరిగొస్తుందా.

ఇలాంటివి ఇంకో పేజీ రాయగలను.

అమ్మకి ఫోన్ చేశాను. "ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాను. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, ఎందుకడిగావు?" అంది. ఏమీ లేదన్నాను.

మార్చి 25, మంగళవారం

నైరోబీ నుంచి మార్పు పెట్టేశారు. ఇంకో బండి పంపి రోడ్డంతా పరీక్ష చేయించారట. పచ్చగీత వచ్చిందట.

సేఫ్టీ వాళ్ళ ముందు కూర్చున్నాను, వీడియోలో. ఎందుకంత వేగంగా వెళ్ళావని అడిగారు. పరీక్ష కోసం అన్నాను. హల్కనో నమాజులో ఉన్నాడు, తాళం నేనే తీసుకున్నాను అన్నాను. ఒగుతు కెమెరా ఆపేశాడు.

ఉద్యోగం పోయింది. తాళాలు, లాప్‌టాప్, ఫోన్లు అప్పజెప్పాను. నిజం చెప్పాక తేలికగా ఉంటుందంటారు. నాకేం తేలికగా లేదు. అద్దె గదిలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న బీన్సు మొత్తం ఒకేసారి వండేశాను.

మార్చి 27, గురువారం

నన్నెవరూ పిలవలేదు. వెళ్ళాను.

కౌంటీ హాల్లో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. ముందు వరసలో నసీయెకు, ఇవాళ యూనిఫాంలో, ఇస్త్రీ మడతలతో. పక్కన సిలాంతోయి, వాళ్ళ అత్తగారు. సిలాంతోయి ఇంత చిన్న పిల్లని అనుకోలేదు. బిడ్డ పోయిందని మెడలో పూసలు తీసేసింది. డాక్టర్ ముతెంబెయి గోడ పక్కన, కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

విచారణ అధ్యక్షుడు నా రిపోర్టే చదవడం మొదలుపెట్టాడు. నేను లేచాను. "ఆ రాసింది నేనే. అది ఈ కేసుకి పనికిరాదు," అన్నాను. మేం ఎనభైలో వెళ్తామని, అంబులెన్సు అలా వెళ్ళదని చెప్పాను. నేను అదే చోట అదే వేగంతో వెళ్ళానని, మూడుసార్లూ తెగిందని చెప్పాను. "ఎవరూ కట్ చెయ్యలేదు. డాక్టరుగారి మాటలు వెనకాల టవరు దాకా వచ్చాయి. అంబులెన్సు అప్పటికి అక్కడ లేదు."

వెనక ఎవరో "ఇప్పుడా చెప్పేది" అన్నారు. నిజమే. ఇప్పుడే చెప్తున్నాను.

డాక్టర్ ముతెంబెయి నసీయెకు వైపు తిరిగాడు. "సిస్టర్, నువ్వే పెట్టేశావనుకున్నాను."

"మీరే విసుక్కుని వెళ్ళిపోయారనుకున్నాను డాక్టర్."

అధ్యక్షుడు తన పక్కవాళ్ళతో గుసగుసలాడి, సిస్టర్ నసీయెకు సోమవారం నుంచి పనిలోకి రావచ్చన్నాడు. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం చూస్తున్నారు. అప్పుడు సిలాంతోయి ఏదో అడిగింది, సంబురు భాషలో, మెల్లగా. నసీయెకు ఉలిక్కిపడింది. ఆవిడ దాన్ని డాక్టరుకి తిప్పి చెప్పింది.

"లైను తెగాక కూడా మీరు మాట్లాడారంటున్నారు కదా, ఏం మాట్లాడారు అని అడుగుతోంది."

డాక్టరు కోటు మడత పెట్టాడు, విప్పాడు.

"బండి ఆపమన్నాను," అన్నాడు. "బిడ్డ తల కనిపిస్తోంది, గుండె చప్పుడు పడిపోతోంది, ఊరిదాకా రావడానికి వ్యవధి లేదు. ఆపు, అక్కడే కాన్పు చెయ్యి సిస్టర్, నీ చేతనవుతుంది అన్నాను. అంటూనే ఉన్నాను."

నసీయెకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లైను తెగాక వాళ్ళు ఆపలేదు. తెగింది కాబట్టే ఆవిడ డ్రైవరుని ఇంకా వేగంగా తోలమంది, డాక్టరు దగ్గరికి చేర్చాలని. డాక్టరు చెప్పందే సొంతంగా ఏదీ చెయ్యకూడదని ఆ పెట్టె బిగించిన రోజున అందరి నర్సులతోనూ ఒప్పించుకున్నారట. పాతికమందికి అడవి దారుల్లో, లాంతరు వెలుగులో కాన్పు చేసిన చేతులు అవి.

సిలాంతోయి నసీయెకు మోచెయ్యి పట్టుకుంది, పట్టుకునే నా వైపు చూసింది. ఈసారి స్వాహిలీలో అడిగింది, నాకు అర్థం కావాలని.

"ఇప్పుడైతే వినపడుతుందా?"

"వినపడుతుంది," అన్నాను.

అన్నాక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. హల్కనో నా కోసం వచ్చాడు, సొంత పని మీద వచ్చినట్టు నటిస్తూ. మొన్న నైరోబీ నుంచి వచ్చిన బండిని ఎవరు నడిపారని అడిగాను.

"నేనే. ఇంకెవరున్నారు?"

"ఎంతలో నడిపావు?"

ఆయన నన్ను అదోలా చూశాడు. "ఎంతలో నడుపుతాను తల్లీ, ఎనభైలోనే."

రేపు పొద్దున్నే అంబులెన్సు షెడ్డుకి వెళ్తాను, వాళ్ళ బండెక్కి వాళ్ళ వేగంలో లైను నిలుస్తుందో లేదో చూస్తాను. నాకిప్పుడు కంపెనీ లేదు, ఇన్సూరెన్సూ లేదు, ఎక్కొద్దనడానికి ఎవరూ లేరు. సిలాంతోయితో నేను అన్న మాట నిజమో కాదో నాకు తెలియదు.